వెనక సీటు బరువు

మూడో అంతస్తు, పెట్టెలు విప్పని ఇల్లు
మార్చి 9

కత్తెరమ్మకి,

ఫోన్లో అయితే నా మాట సగంలోనే కత్తిరిస్తావు. మొన్న నువ్వు ఠపీమని పెట్టేసిన తరవాత మళ్ళీ చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇకనుంచి మన కయాక్ సంగతి ఉత్తరాల్లోనే. ఇక్కడ నువ్వు అడ్డు తగల్లేవు, చివరిదాకా చదవాల్సిందే.

సామాన్ల లారీ వచ్చింది. మంచం వచ్చింది, బీరువా వచ్చింది, మీ అన్నయ్య పాత రేడియోలు ఏడూ ఒక్క గీత పడకుండా వచ్చాయి. పదకొండేళ్ళుగా మనిద్దరం నడిపిన పడవ మాత్రం రాలేదు. పద్దెనిమిది అడుగులు పట్టే చోటు లేదని లారీవాడు చివరి నిమిషంలో దింపేశాడట. నేనప్పటికే రైల్లో ఉన్నాను. మీ అన్నయ్య అక్కడే నిలబడి "సరే బాబూ" అన్నాడట. ఆ రేడియోల్లో ఒక్కటి దింపమంటే లారీ చక్రాల ముందు పడుకునేవాడు.

ఇక్కడి పార్సిలాఫీసుకి వెళ్ళాను, అక్కణ్ణించి తెప్పించుకుందామని. కిటికీలో గుమాస్తా నా కాగితం చూసి "పన్నెండడుగులు దాటితే అది పార్సిల్ కాదమ్మా" అన్నాడు. మరేమిటంటే సరుకన్నాడు. సరుకైతే సరుకులాగే తీసుకోమన్నాను. "లోపల బోలుగా ఉన్నవి సరుకు విభాగం తీసుకోదు" అన్నాడు. చివరికి జాలిపడి ఒక ఉపాయం చెప్పాడు. మధ్యకి కోసి పంపిస్తే రెండు పార్సిళ్ళవుతాయట, ఇక్కడికొచ్చాక అతికించుకోవచ్చట! "నిన్ను మధ్యకి కోసి పంపితే మీ ఆవిడ అతికించుకుంటుందా?" అన్నాను. వెనక వరుసలో వాళ్ళు నవ్వారు. అతను మాత్రం రసీదు పుస్తకం మూసేసి టీకి వెళ్ళిపోయాడు.

పైగా అతని కాటా ఒక పక్కకి ఒరిగి ఉంది. పాత నేనైతే అక్కడికక్కడే సీలు వేసేదాన్ని. ఇప్పుడు నాది కుర్చీ ఉద్యోగం. ఊళ్ళు తిరిగి రాళ్ళూ త్రాసులూ పరీక్షించే పని పోయింది, వేరేవాళ్ళు పరీక్షించి పంపిన కాగితాల మీద ముద్రలు కొడుతున్నాను. డిపార్టుమెంటు వాళ్ళు పంపిన చోటికి పోక తప్పుతుందా.

మీ అన్నయ్య అమ్మేయమంటాడు. ఆయనకి నీళ్ళంటే బకెట్లో ఉన్నవే. ఇంటికి పది నిమిషాల నడకలో పెద్ద చెరువుంది. నువ్వు అక్కడి పార్సిలాఫీసుల్లో ఒక్కోటీ అడుగు. కోయకుండా పంపేవాడు ఎక్కడో ఒకడుంటాడు.

నీ వదిన

*

సెలూన్, వెనక గది
మార్చి 26

తూకాల వదినకి,

చివరిదాకా చదివాను. ఇప్పుడు నువ్వు చదువు. పడవ అమ్మేద్దాం.

నీ కోపం పార్సిలాఫీసు మీద, నా కోపం నీ మీద. బదిలీ సంగతి నాకెప్పుడు చెప్పావో గుర్తుందా? నీ జుట్టుకి రంగు పట్టించి, అరగంట కదలకూడదని నేనే చెప్పి, టైము చూసుకుంటుంటే అప్పుడు, అద్దంలోంచి చెప్పావు. "వచ్చే బుధవారం వెళ్ళిపోతున్నాం" అని. ఆర్డరు వచ్చి అప్పటికి నెల అయిందట. నా రెండు చేతులకీ తొడుగులు, తొడుగుల నిండా నల్లరంగు. కళ్ళు తుడుచుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ తుడిచింది. ముక్కూమొహం తెలియని మనిషి!

నువ్వు వెళ్ళిపోయి నెల కాలేదు, నాకు హుకుములు. పార్సిలాఫీసులు తిరుగు, కొలతలు రాయి, కోయకుండా చూడు. నాకు కుర్చీలు మూడున్నాయి వదినా, మూడింటి ముందూ జనం ఉన్నారు.

ఇంకో సంగతి. లారీవాడు దింపేశాక పడవని మళ్ళీ చేర్చిన నది ఒడ్డు షెడ్డు చేతులు మారుతోంది. జూన్ ఆఖరుకి మన అర ఖాళీ చెయ్యాలని తాళాలాయన చెప్పాడు. మందులషాపాయనా వాళ్ళావిడా వచ్చి పడవ చూసి వెళ్ళారు, వాళ్ళకి నచ్చింది. అమ్మాలంటే ఇద్దరి సంతకాలూ కావాలట, రిజిస్టర్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా. కాగితం ఇందులో పెట్టాను. నీ సంతకం చేసి పంపు.

ఇద్దరు కూర్చునే పడవ అక్కడ నువ్వొక్కదానివీ ఏం చేసుకుంటావు? మీ ఆయన్ని ఎక్కిస్తావా?

నీ ఆడపడుచు

*

మూడో అంతస్తు
ఏప్రిల్ 12

కత్తెరమ్మా,

కాగితం నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నా బదిలీ మీద కోపం పడవ మీద చూపిస్తావా? మందులషాపాయన ఇచ్చే దగ్గుమందు సీసాలోనే కొలత తక్కువ, అతనికి మన పడవ అమ్ముతావా? బుద్ధుందా అసలు?

సగం నాది. ముందు సగం నాది. పదకొండేళ్ళు ఆ ముందు సీట్లో కూర్చుని తెడ్డు వేసిన మనిషిని అడక్కుండా బేరం పెట్టే హక్కు నీకెవరిచ్చారు? ఆదివారం పొద్దున్నే ఆరింటికి, నువ్వు కొట్టు తీసేలోపు, వంతెనదాకా వెళ్ళి రావడం. వానైనా చలైనా. నాకు వారంలో మిగతావన్నీ ఉద్యోగం, ఆ గంటే నాది.

నువ్వు ఇంత మాటన్నాక దాచడం నా వల్ల కాదు. ఇది మీ అన్నయ్యకి కూడా తెలియదు. నన్నెవరూ బదిలీ చెయ్యలేదు. కుర్చీ పని కావాలని నేనే రాసి అడిగాను. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపమన్నాను. ఖాళీ దేశానికి ఈ చివర ఉంది.

ఎందుకంటే నాలో సత్తువ పోయింది. ఊరికే అనుకోవడం కాదు, నా దగ్గర లెక్క ఉంది. కొలతల మనిషిని కదా, వంతెనదాకా వెళ్ళొచ్చిన ప్రతి ఆదివారం టైము పుస్తకంలో రాసుకునేదాన్ని. రెండేళ్ళ కిందటిదాకా నలభై రెండు నిమిషాలు. ఆ తరవాత నలభై ఎనిమిది, యాభై రెండు, పోయిన చలికాలానికి యాభై ఆరు. అదే పడవ, అదే నది, అదే తెడ్డు. తగ్గింది నేను. భుజాలు పీక్కుపోయేవి, ఇంటికొచ్చి గంట సేపు పడుకునేదాన్ని. నువ్వు వెనకనుంచి హాయిగా కబుర్లు చెప్తూ ఉండేదానివి. నా మూలంగా నీక్కూడా ఆలస్యమవుతోందని నాకు సిగ్గు. రక్తపరీక్షలు చేయించుకున్నాను, గుండె ఫోటో తీయించుకున్నాను. అన్నీ బాగున్నాయి, వయసమ్మా అన్నాడు డాక్టరు. నలభై ఏడేళ్ళకా?

ఒకరోజు ధాన్యం గోదాములో ఇరవై కిలోల రాయి ఎత్తబోయి ఆగిపోయాను. ఎత్తలేక కాదు. ఎత్తలేనేమో, గోదాము వాళ్ళందరూ చూస్తారేమోనన్న భయంతో. ఇంటికొచ్చి దరఖాస్తు రాశాను.

అందుకే పడవ కావాలి. ఈ చెరువులో మెల్లగా, ఎవరికీ ఆలస్యం చెయ్యకుండా, నాకు చేతనైనంత దూరం వెళ్తాను. సెలవులకి నువ్వొస్తే వెనక కూర్చుందువుగాని. ఇప్పుడు చెప్పు, అమ్ముతావా?

వదిన

*

మూడో అంతస్తు
మే 10

నెల కావస్తోంది, జవాబు లేదు. పోస్టులో పోయిందా, నీకు కోపమొచ్చిందా? నా బలం సంగతి విని జాలిపడి కూర్చున్నావా? అదే నాకు వద్దు. అమ్మేశావా ఏమిటి? అమ్మేసి ఉంటే ఆ మాట సూటిగా రాయి, వచ్చి మందులషాపు ముందు బైఠాయిస్తాను.

*

సెలూన్
మే 19

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరాలు రెండూ అందాయి. పడవ అమ్మలేదు. అరలోనే ఉంది. మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. మరోసారి ఇంకో మంచి డాక్టరుకి చూపించుకుంటే బాగుంటుంది. మీకే జబ్బూ లేదని నాకు అనిపిస్తోంది. అన్నయ్యకి నా నమస్కారాలు.

ఇట్లు

*

మూడో అంతస్తు
మే 27

ఏయ్,

ఈ "మీరు" ఎవరు? "వదినగారు" ఎవరు? పదహారేళ్ళలో నన్ను ఒక్కసారైనా మీరు అన్నావా? మా పెళ్ళి ఊరేగింపులోనే "ఏమే వదినా, జరుగు" అన్న మనిషివి. ఊళ్ళో ఎంతమంది దుకాణదార్లని చూశాను. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే కుర్చీ వేసి, చల్లటి నీళ్ళిచ్చి, "దయచేయండి మేడమ్" అనేవాడి రాళ్ళ అడుగున బరువుకి పోసిన సీసం తవ్వేసి ఉండేది. మర్యాద ఎక్కువైందంటే తూకం తక్కువన్నమాటే.

ఏం చేశావు? పడవకి కన్నం పెట్టావా?

వదిన

*

సెలూన్, వెనక గది
జూన్ 4

వదినా,

పడవకేమీ కాలేదు. నీకూ ఏమీ కాలేదు. నీ బలం ఎక్కడికీ పోలేదు. నువ్వు రాసుకున్న టైము నిజమే, తగ్గింది మాత్రం నువ్వు కాదు.

రెండేళ్ళయింది నేను తెడ్డు వెయ్యక.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపేశాను. నా కుడి భుజం బిగుసుకుపోయింది. పద్దెనిమిదేళ్ళు పొద్దున్నించీ సాయంత్రందాకా చేతులు గాల్లో పెట్టి జుట్టు కత్తిరిస్తే ఏమవుతుంది మరి. మొదట్లో నొప్పి, తరవాత చెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. తెడ్డు తిప్పితే కళ్ళు బైర్లు కమ్మేవి. ఒక ఆదివారం కాసేపు ఆపి చూశాను. పడవ ఆగలేదు, నువ్వు లాగుతున్నావు. ఇంకాసేపు ఆపాను. వచ్చే ఆదివారం కూడా ఆపాను. చప్పుడు లేకపోతే నీకు అనుమానమొస్తుందని ఎడం చేత్తో తెడ్డు కొస నీళ్ళలో తాకించేదాన్ని, నీ తెడ్డు పడ్డప్పుడల్లా. అంతే నేను చేసింది. కాళ్ళతో చుక్కాని మాత్రం సరిగ్గా తొక్కాను, అది నిజం.

చెప్పాలనుకున్నాను. చెప్తే మానేద్దామంటావు. లేదా మందులషాపావిడని వెనక ఎక్కించుకుంటావు, ఆవిడ ఎప్పటినుంచో అడుగుతోంది. అమ్మేద్దామని గొడవ చేసింది కూడా అందుకే. నువ్వు అక్కడ ఇంకొకరిని వెనక ఎక్కించుకుంటే మొదటిరోజే తెలిసిపోతుంది, పడవ మళ్ళీ నలభై రెండు నిమిషాల్లో వెళ్తుంది.

నీకు ఆ గంట ఒక్కటే అన్నావు. నాకూ అంతే. అది పోకూడదని దాచాను, దాచినందుకే మొత్తం పోయింది. నువ్వు జబ్బని భయపడి దేశం ఆ చివరికి పోయావు. నీ ఏప్రిల్ ఉత్తరం చదివిన రోజు ఒకావిడకి సగం జుట్టు కత్తిరించి మిగతా సగం రేపు రమ్మన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

ఏమన్నా పడతాను.

కత్తెర

*

మూడో అంతస్తు
జూన్ 12

పడతావా? పడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని తూనికల ఇన్స్పెక్టరు మాత్రం పట్టలేకపోయింది! ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. ముల్లు వెంట్రుకవాసి పక్కకుంటే వాకిట్లోంచి చెప్పగలను. పళ్ళెం అడుగున అంటించిన చింతగింజంత లక్కని వేలితో తడిమి పట్టాను. అలాంటిదాన్ని నా వీపు వెనక, బారెడు దూరంలో, ఒక పూర్తి మనిషి ఉత్త బరువై కూర్చుంటే రెండేళ్ళు గుర్తుపట్టలేదు. నూరు ఆదివారాలు! పైగా చప్పుడు! నా తెడ్డు పడ్డప్పుడల్లా టప్ టప్‌మని తాకిస్తావా? సీసం తవ్విన దుకాణదారుకైనా కాస్త సిగ్గుండేది.

నేను చేసినవి విను. ఐరన్ మాత్రలు ఆర్నెల్లు, నాలుక నల్లబడేదాకా. పొద్దున్నే మేడమెట్లు ఎక్కడం దిగడం నలభైసార్లు, కింది వాటావాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. ఉప్పు మానేశాను. రాత్రిపూట మీ అన్నయ్య నిద్రపోయాక వీలునామా రాశాను తెలుసా? అందులో నా భాగం పడవ నీకే రాశాను. అది చించడానికి ఇప్పుడు పెట్టెలన్నీ విప్పాలి.

నా పని పోగొట్టుకున్నాను. గోదాములూ బజార్లూ కాటాలూ, నన్ను చూసి సర్దుకునే ఆ మొహాలూ పోయాయి. ఇష్టంగా చేసిన పని అది. ఇప్పుడు కిటికీ కూడా లేని గదిలో ముద్రలు కొడుతున్నాను. మీ అన్నయ్య తన స్నేహితుల్నీ, రేడియోలు బాగుచేసుకునే మూలనీ వదులుకుని నాతో వచ్చాడు, డిపార్టుమెంటుని తిట్టుకుంటూ. ఆయనకి ఇప్పుడు ఏం చెప్పను? మీ చెల్లెలి భుజం నొప్పికి మనం దేశం ఈ చివరికి వచ్చామని చెప్పనా?

చెప్పాను. ఆయన నవ్వాడు! ఊపిరాడనంత నవ్వాడు. "అయితే నువ్వొక్కదానివే ఇద్దర్నీ లాగావన్నమాట, రెండేళ్ళు" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ లెక్క తట్టలేదు. ఒక్కదాన్ని, రెండు బరువులతో, ఎదురు ప్రవాహంలో, యాభై ఆరు నిమిషాలు.

ఆ కోపంలోనే మర్నాడు ఆఫీసు స్టోరుకెళ్ళి ఇరవై కిలోల రాయి ఎత్తాను. రెండు చేతుల్తో కాదు, ఒక్కచేత్తో. స్టోరుకీపరు నోరు తెరిచి చూశాడు. ఏడుపొచ్చింది నాకు, అది సంతోషమో ఉక్రోషమో తెలియలేదు. నీ మీద పళ్ళు నూరుకుంటూనే ఏడ్చాను.

అమ్మెయ్ ఆ పడవని. కాగితం ఇంకోటి పంపు, సంతకం పెడతాను.

*

సెలూన్, వెనక గది
జూన్ 20

వదినా,

కాగితం ఇందులో ఉంది. మందులషాపాయన వచ్చే ఆదివారం వస్తాడు. సంతకం పెట్టు, పెట్టకు, నీ ఇష్టం. తిట్లు పడతానన్నాను, పడ్డాను. ఇప్పుడు నా వంతు.

పదకొండేళ్ళలో ఒక్కసారి వెనక్కి తిరిగావా నువ్వు? ఒక్కసారంటే ఒక్కసారి! ముందు సీటు నాదని మొదటిరోజే కూర్చున్నావు, నాకు పదకొండేళ్ళూ కనిపించింది నీ జడ, నీ టోపీ. అందులో నేను కత్తిరించిన జుట్టు ఎలా పెరుగుతోందో చూసుకుంటూ కూర్చున్నాను. మెడ తిప్పితే నా చెయ్యి ఒళ్ళో ఉండడం కనిపించేది. పుస్తకంలో నిమిషాలు రాసుకున్నావు గాని వెనక మనిషిని చూడలేదు.

సెలూన్లో కూడా అంతే. పోయినేడాది నా కుర్చీ కిందికి దించాను, చెయ్యి పైకి లేవక, మోచెయ్యి ఒంటికి ఆనించి కత్తిరించాల్సొచ్చి. నువ్వేమన్నావు? "కుర్చీ ఇంత కిందికి దించావేమే, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి" అన్నావు. భుజం పట్టేసిందన్నాను. "నూనె రాసుకో" అని, చేతిలో పత్రిక పేజీ తిప్పావు. నేను చెప్పలేదా? చెప్పాను. నువ్వు వినలేదు. ఆ తరవాతే చెప్పడం మానేశాను.

ఇక నువ్వు దాచింది తక్కువా? గుండె ఫోటో తీయించుకుంది నువ్వు, వీలునామా రాసుకుంది నువ్వు. వారం వారం నా ముందు కూర్చుని ఒక్కమాట అన్నావా? "పడవ బరువెక్కిందే, నీకూ అలాగే ఉందా?" అని ఒక్కసారి అడిగి ఉంటే ఆ క్షణమే బయటపడిపోయేదాన్ని. నాకు అబద్ధం అంతదాకా రాదు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నన్నొక్కదాన్నే దొంగని చెయ్యకు.

నేను డాక్టరుకి చూపించుకున్నాను. నీ ఉత్తరం చదివి వెళ్ళాను. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావమ్మా అని ఆయన కూడా తిట్టాడు. రోజూ గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకాలి, సాలీడులా. నిన్నటికి గడియారం మేకుదాకా వచ్చాను. ఏడ్చుకుంటూ పాకుతున్నాను.

వారంలో తేల్చు. నెలాఖరు దాటితే తాళాలాయన పడవ బయట పడేస్తాడు.

*

మూడో అంతస్తు
జూన్ 25

సంతకం పెట్టలేదు. కోపం పోయి కాదు. నువ్వు రాసినదాంట్లో ఆ "నూనె రాసుకో" మాట చదివి, ఆ రోజు గుర్తొచ్చి, అన్నం తినలేకపోయాను. అది నిజంగానే అన్నాను. పత్రికలో ఏం చదువుతున్నానో కూడా గుర్తు లేదు, అంత ముఖ్యమైంది అది.

మనకి పాత బైపాసు దగ్గర లారీల కాటా ఉంది చూడు, దాన్ని నేను పదేళ్ళు పరీక్షించాను. అక్కడాయన నా మీద గౌరవం కొద్దీ, భయం కొద్దీ, ఏదడిగినా చేస్తాడు. ఫోన్ చేశాను. ఈ వైపుకి నీటి గొట్టాల లారీ ఒకటి ఆదివారం బయల్దేరుతుందట. గొట్టాలు ఇరవై అడుగులు, పడవ పద్దెనిమిది. గొట్టాల మీద దుప్పట్లు పరిచి బోర్లా వేసి కడతాడట. మూడు నెలలుగా పార్సిలాఫీసుల గుమ్మాలు తొక్కి, మధ్యకి కోయమన్నవాణ్ణి కూడా బతిమాలుకున్నాను, ఈ సంగతి ముందే తట్టనందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

ఆదివారం పొద్దున్నే షెడ్డు దగ్గర ఉండు. నువ్వు ఎత్తకు. నలుగురు మనుషులొస్తారు. నువ్వు చెయ్యి వేశావని తెలిస్తే ఊరుకోను.

*

సెలూన్
జూన్ 30

వదినా,

వెళ్ళిపోయింది. నేను చెయ్యి వెయ్యలేదు, ఎడం చేత్తో ఒకసారి తట్టాను అంతే. తాళాలాయన రిజిస్టర్లో మన పేర్లు కొట్టేస్తుంటే గీత సన్నగా గియ్యమని పోట్లాడాను. మందులషాపాయన వచ్చి ఖాళీ అర చూసి మొహం మాడ్చుకున్నాడు. వాళ్ళావిడ మాత్రం నా చెయ్యెలా ఉందని అడిగింది.

లారీ కదిలేసరికి ఇంకా పొద్దున్నే, ఏం చెయ్యాలో తోచక అప్పుడే సెలూన్ తెరిచాను. ఎవరూ రాలేదు.

*

చెరువు గట్టు
ఆగస్టు 3

కత్తెరమ్మకి,

ఒక మూల గీత పడింది గాని పడవ క్షేమంగా ఉంది. ఈ ఉత్తరం గట్టు మీద కూర్చుని రాస్తున్నాను, కాగితం తడిసింది, సర్దుకో.

ముందు ఉద్యోగం సంగతి. తిరిగే పనిలోకి మార్చమని ఇక్కడి పెద్దాఫీసరుకి రాసిచ్చాను. ఆర్నెల్లు కాలేదు, అప్పుడే ఎందుకు మనసు మారిందని అడిగాడు. నా తూకంలో తప్పు దొర్లింది సార్ అన్నాను. సంతకం పెట్టేశాడు. వచ్చే నెలనుంచి ఈ చుట్టుపక్కల బజార్లు నావే. మొదటి తనిఖీ ఎక్కడో వేరే చెప్పాలా? పార్సిలాఫీసు కాటాకి సీలు వేసే రోజు మీ అన్నయ్య కూడా చూడ్డానికి వస్తానంటున్నాడు.

ఇక పడవ. పోయిన ఆదివారం ఒక్కదాన్నే దింపాను. నీ బరువు లేదు కదా, బాణంలా పోతుందనుకున్నాను. నీకు ఆ టైము రాసి పంపి ఏడిపిద్దామనుకున్నాను. ముందు సీట్లో కూర్చోగానే ముక్కు నీళ్ళలోకి దిగింది, తోక పైకి లేచింది. చుక్కాని నీళ్ళకి అందలేదు, అందినా దాని పెడల్స్ నీ సీటు దగ్గరున్నాయి. ఎంత బలంగా తెడ్డు వేస్తే అంత గుండ్రంగా తిరిగాను. గట్టు మీద బట్టలుతికేవాళ్ళు పని ఆపి చూశారు. బలం మళ్ళీ దొరికిన ఇన్స్పెక్టరు చెరువు మధ్యలో గానుగెద్దులా గిరగిరా తిరిగింది. నూరు ఆదివారాలు తిన్నగా వెళ్ళామంటే ఎవరి కాళ్ళ పుణ్యమో అప్పుడు తెలిసింది. నువ్వు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు, నేను కోపంలో అది చదవనే లేదు.

ఈ ఆదివారం స్టోరుకీపర్ని అడిగి, పనికిరావని తీసేసిన రాళ్ళు మూడు తెచ్చి నీ సీట్లో పెట్టాను. ఇరవై కిలోలవి. ముక్కు లేచింది, పడవ కుదురుగా నిలబడింది. అవి నన్ను మోసం చెయ్యవు. చప్పుడు కోసం నీళ్ళు తాకించవు. కానీ కాళ్ళు లేవు, కబుర్లు లేవు. చెరువు సగందాకా వెళ్ళి నేను వెనక్కి తిరిగి చూశాను. మూడు రాళ్ళు. చాలా సేపు చూశాను, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని.

నా కోపం పోలేదు, పోతుందని ఆశ పెట్టుకోకు. నువ్వు తెడ్డు వెయ్యనందుకు కాదు. లాగానుగా, ఇద్దర్నీ లాగానుగా! "వదినా, నాకు చెయ్యి లేవడం లేదు, నువ్వే లాగు" అని ఉంటే నోరు మూసుకుని ఇంకో పదేళ్ళు లాగేదాన్ని. ఆ మాట అనడానికి నేను పనికిరాలేదా అన్నది నా కోపం. నూనె రాసుకోమన్నదానితో అలా అనలేవు కదా, అది కూడా నాకు తెలుసు.

సెలూన్‌కి పదిహేను రోజులు తాళం వెయ్యి. టిక్కెట్టు మీ అన్నయ్య తీశాడు, ఇందులో ఉంది. చెయ్యి గడియారం దాటిందా లేదా అన్నది నాకనవసరం. తెడ్డు తేవద్దు. వచ్చి వెనక కూర్చో, కాళ్ళు పెట్టు. నొప్పేస్తే నొప్పేస్తోందని గట్టిగా అను. నేను లాగుతాను.

నీ వదిన